ఎమ్‌ఈఎమ్ చేసినవాళ్ళు అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్ బోర్డు పరీక్ష రాయవచ్చా? ఒకసారి పాసైతే చాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్ళ ఎమ్‌ఈఎమ్ (మాస్టర్స్ ఇన్ ఎమర్జెన్సీ మెడిసిన్) పూర్తిచేసిన డాక్టర్ గారు అడుగుతున్నారు: "మా ఆయన ఉద్యోగం డల్లాస్‌లో. నేను అక్కడికొచ్చి నేరుగా ఎమర్జెన్సీ మెడిసిన్ బోర్డు పరీక్ష రాసుకోవచ్చా? ఒకసారి పాసైతే జీవితాంతం సరిపోతుందా, లేక అయిదేళ్ళకోసారి మళ్ళీ రాయాలా?"

నేరుగా రాయలేరండీ. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

అమెరికాలో ఈ స్పెషాలిటీకి సర్టిఫికెట్ ఇచ్చే ప్రధాన సంస్థ అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్. మేమంతా 'ఏబెమ్' అంటాం. ఆస్టియోపతిక్ డాక్టర్లకు ఏఓబీఈఎమ్ అని ఇంకో బోర్డు కూడా ఉంది కానీ మీ దారి ఏబెమ్ వైపే. ఆ పరీక్షకు దరఖాస్తు పెట్టాలంటే ఏసీజీఎమ్‌ఈ (అక్కడి డాక్టర్ల శిక్షణకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ తీసుకునే స్పెషాలిటీ శిక్షణ, పూర్తిచేసి ఉండాలి. మన క్యాజువాలిటీలో మీరు చూసిన కేసులు, వేసిన ట్యూబులు, గుండె ఆగినవాళ్ళకు నడిపిన కోడ్‌లు ఎన్నైనా సరే, ఆ షరతుకు బదులుగా చెల్లవు. ఎమ్‌ఈఎమ్ కోర్సుల్లో కొన్ని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ భాగస్వామ్యంతో నడుస్తాయి. సర్టిఫికెట్ మీద అమెరికా విశ్వవిద్యాలయం పేరు కనిపించేసరికి అక్కడి బోర్డు దాన్ని ఒప్పుకుంటుందనుకుంటారు చాలామంది. ఒప్పుకోదు. మన దగ్గర కూడా ఎమ్‌ఈఎమ్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న పీజీ డిగ్రీ కిందికి రాదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. గుర్తింపు ఉన్నవి 2009లో ఎంసీఐ (భారత వైద్య మండలి) ఒప్పుకున్న ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్, ఆ తర్వాత వచ్చిన డీఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ). అయితే ఏబెమ్ లెక్కలో ఎండీ చేసినవారిదీ మీ పరిస్థితే. అందరూ ఇంటర్న్ సంవత్సరం (రెసిడెన్సీ మొదటి ఏడాది) నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇంత పట్టుదల ఎందుకని కోపం వస్తుంది. నాకూ వచ్చేది. చరిత్ర తెలిశాక కోపం తగ్గకపోయినా కారణం మాత్రం అర్థమైంది.

1960ల దాకా అమెరికాలో ఎమర్జెన్సీ రూమ్ అంటే మన జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీ లాంటిదే. ఆ రాత్రి డ్యూటీ ఎవరికి పడితే వాళ్ళే దిక్కు. చర్మవ్యాధుల డాక్టరు గుండెపోటు చూసేవాడు, సైకియాట్రీ వాళ్ళు యాక్సిడెంట్ కేసులు చూసేవాళ్ళు. 1961లో వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియాలో జేమ్స్ మిల్స్ అనే డాక్టరు తన ప్రాక్టీసు వదిలేసి, మరికొందరితో కలిసి పూర్తికాలం ఎమర్జెన్సీలోనే పనిచేయడం మొదలుపెట్టాడు. 1968లో మిషిగన్‌లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ పుట్టింది. 1970లో సిన్సినాటిలో మొదటి రెసిడెన్సీ వచ్చింది. దానిలో చేరిన మొదటి రెసిడెంటు బ్రూస్ జానియాక్. 1976లో ఏబెమ్ ఏర్పడింది. కానీ మిగతా స్పెషాలిటీల పెద్దలు దీన్ని ఒక స్పెషాలిటీగా ఒప్పుకోలేదు. 1977లో ఓటింగు పెడితే చిత్తుగా ఓడిపోయింది. "శరీరంలో మీకంటూ ఒక అవయవం ఏది?" అన్న ధోరణి వాళ్ళది. అప్పుడు వీళ్ళు ఒక తెలివైన పని చేశారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి ముందు పరీక్షకే పరీక్ష పెట్టారు. మెడికల్ విద్యార్థులను, రెసిడెంట్లను, అనుభవమున్న డాక్టర్లను కూర్చోబెట్టి, ఎమర్జెన్సీలో శిక్షణ ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య తేడాని ఈ పరీక్ష పట్టుకోగలదా అని చూశారు. పట్టుకుంది. 1979లో గుర్తింపు వచ్చింది, 1980లో మొదటి పరీక్ష జరిగింది, 1989లో పూర్తి స్వతంత్ర బోర్డు హోదా దక్కింది.

మొదట్లో రెసిడెన్సీ చేసినవాళ్ళు గుప్పెడు మందే కాబట్టి అనుభవంతో వచ్చేవాళ్ళకు కూడా తలుపు తెరిచారు. అయిదేళ్ళు, 7,000 గంటలు ఎమర్జెన్సీలో పనిచేసి ఉంటే పరీక్ష రాయనిచ్చేవారు. ఆ దారిని 1988లో మూసేశారు. మూసేశాక బయట మిగిలిపోయిన డాక్టర్లు కొందరు 1990లో దావా వేశారు. అది పదిహేనేళ్ళు నడిచి 2005లో అప్పీళ్ళ కోర్టులో వీగిపోయింది. సొంత దేశపు డాక్టర్లకే, దశాబ్దాల అనుభవం ఉన్నవాళ్ళకే తెరవని తలుపు అది. మన ఎమ్‌ఈఎమ్ కోసం తెరుస్తారని ఎదురుచూడటం దండగ.

కాబట్టి మీ అసలు సమస్య బోర్డు పరీక్ష కానే కాదు, రెసిడెన్సీ సీటు.

దానికి ముందు మెట్లు మీకు తెలిసినవే. అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈలో స్టెప్ 1 (2022 జనవరి నుంచి దీనికి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే), స్టెప్ 2 సీకే, ఇంగ్లీషుకు ఓఈటీ పరీక్ష, విదేశీ డాక్టర్ల అర్హతలు సరిచూసే ఈసీఎఫ్‌ఎమ్‌జీ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. సెప్టెంబరు చివర్లో దరఖాస్తులు, శీతాకాలమంతా ఇంటర్వ్యూలు, మార్చి మూడో శుక్రవారం మ్యాచ్ (అభ్యర్థులకూ ప్రోగ్రాములకూ జత కుదిర్చి సీట్లిచ్చే పద్ధతి) ఫలితం, జులై నుంచి డ్యూటీ. స్టెప్ 1కి మార్కులు తీసేశాక స్టెప్ 2 సీకే స్కోరే మిమ్మల్ని కొలిచే అంకె అయింది. దాన్ని తొందరపడి రాయకండి.

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది 'స్లో' (ఎస్‌ఎల్‌ఓఈ) దగ్గర. స్టాండర్డైజ్డ్ లెటర్ ఆఫ్ ఇవాల్యుయేషన్ అని, ఎమర్జెన్సీ మెడిసిన్ వాళ్ళు వాడే ప్రత్యేకమైన సిఫారసు పత్రం ఇది. మామూలు లెటర్లలో అందరూ అందరినీ ఆకాశానికెత్తేస్తారు కదా, అది కుదరకుండా చేసిన ఏర్పాటు. రెసిడెన్సీ ప్రోగ్రాం ఉన్న ఎమర్జెన్సీ విభాగంలో మీరు సుమారు నెలరోజులు పనిచేయాలి. అక్కడి ఫ్యాకల్టీ కలిసి కూర్చుని, తమ దగ్గర రొటేషన్ చేసినవాళ్ళతో పోల్చి మీరు పై మూడోవంతులో ఉన్నారా, మధ్యలోనా, కిందనా అని గళ్ళలో టిక్ పెడతారు. ప్రోగ్రాం డైరెక్టర్లు నమ్మేది దీన్నే. మీ హెచ్‌ఓడీ గారు ఎంత గొప్పవారైనా ఆయన రాసిన రెండు పేజీల ఉత్తరం దీని ముందు తేలిపోతుంది.

చిక్కేమిటంటే ఈ రొటేషన్లు ఎక్కువగా ఫైనలియర్ మెడికల్ విద్యార్థులకే ఇస్తారు. చదువు పూర్తయినవాళ్ళకు చేతితో రోగిని ముట్టుకునే రొటేషన్ దొరకడం కష్టం. 'అబ్జర్వర్‌షిప్' పేరుతో పక్కన నిలబడి చూసిన నెలకు స్లో రాయరు. డబ్బు తీసుకుని 'యూఎస్ క్లినికల్ ఎక్స్‌పీరియెన్స్' అమ్మే ఏజెన్సీలు చాలా ఉన్నాయి. వాటికి రూపాయి కట్టేముందు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఏసీజీఎమ్‌ఈ ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ ఉన్న ఆసుపత్రేనా, అక్కడివాళ్ళు నాకు స్లో ఇస్తారా?" నీళ్ళు నమిలితే ఫోన్ పెట్టేయండి. ఇది చదివేవాళ్ళలో ఇంకా ఎంబీబీఎస్‌లో ఉన్నవారుంటే, మీ కాలేజీలో ఉండగానే విజిటింగ్ స్టూడెంట్‌గా రావడానికి ఏడాదిన్నర ముందే ప్రయత్నాలు మొదలుపెట్టండి. డిగ్రీ చేతికొచ్చాక ఆ కిటికీ చాలావరకు మూసుకుపోతుంది.

మధ్యలో ఒక వింత జరిగింది. 2023 మ్యాచ్‌లో ఎమర్జెన్సీ మెడిసిన్ సీట్లు 554 మిగిలిపోయాయి. అంతకుముందు ఏడాది 219. కోవిడ్ అలసట, రోగులు వార్డులకు వెళ్ళకుండా ఎమర్జెన్సీలోనే రోజులతరబడి ఉండిపోవడం, భవిష్యత్తులో ఈ డాక్టర్లు అవసరానికి మించి ఉంటారన్న అంచనా, ఇవన్నీ కలిసి అమెరికన్ విద్యార్థులు వెనక్కి తగ్గారు. ఆ సమయంలో విదేశీ గ్రాడ్యుయేట్లకు ఎన్నడూ లేనంత అవకాశం దొరికింది. తర్వాత మళ్ళీ సీట్లు నిండటం మొదలైంది. 2023 కథలు విని ఇప్పుడూ అలాగే ఉంటుందనుకుని రావద్దు.

వీసా సంగతి ఒక్క ముక్కలో: జే-1 తీసుకుంటే చదువయ్యాక రెండేళ్ళు మన దేశానికి వెళ్ళిరావాలి, లేదా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. హెచ్-1బీ కావాలంటే స్టెప్ 3 ముందే పాసై ఉండాలి. మీవారి వీసా ద్వారా మీకు పని చేసుకునే అనుమతి ఉంటే ఈ గొడవ లేకుండా పోతుంది. ప్రోగ్రాములకు కూడా అది పెద్ద ఊరట, దరఖాస్తులో స్పష్టంగా రాయండి.

ఇక రెసిడెన్సీ. ప్రోగ్రామును బట్టి మూడేళ్ళు లేదా నాలుగేళ్ళు. మూడేళ్ళవే ఎక్కువ. అన్నిటినీ నాలుగేళ్ళు చేయాలని 2025లో ఏసీజీఎమ్‌ఈ ప్రతిపాదన పెట్టింది, దానిమీద పెద్ద రభసే జరిగింది. మీరు దరఖాస్తు చేసే ఏటికి ఏ ప్రోగ్రాం ఎన్నేళ్ళో దాని వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఎమర్జెన్సీలో ఒక షిఫ్టు పన్నెండు గంటలు దాటకూడదు. మన దగ్గర ముప్పై ఆరు గంటల డ్యూటీలు చేసి వచ్చినవాళ్ళకు ఇది విహారయాత్రలా అనిపిస్తుంది మొదటి వారం. తర్వాత తెలుస్తుంది, ఆ పన్నెండు గంటల్లో కూర్చోవడానికి ఉండదని, పగలూ రాత్రీ షిఫ్టులు మారుతుంటే నిద్ర ఎటుపోతుందో కూడా తెలియదని.

ప్రొసీజర్లకు లెక్క ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఉన్న కనీసాలు చెప్తాను: ఇంట్యుబేషన్లు (శ్వాసనాళంలో ట్యూబు వేయడం) 35, సెంట్రల్ లైన్లు (పెద్ద సిరలో పెట్టే గొట్టాలు) 20, చెస్ట్ ట్యూబులు 10, లంబార్ పంక్చర్లు (వెన్నునుంచి నీరు తీయడం) 15, కాన్పులు 10, పెద్దవాళ్ళ మెడికల్ రిససిటేషన్లు (ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళను నిలబెట్టడం) 45, ట్రామావి అంటే గాయాలవి 35, గొంతు కోసి గాలిమార్గం పెట్టే క్రైకోథైరాటమీ 3. ఆఖరిది అసలు రోగిమీద చేసే సందర్భం చాలామందికి రాదు, బొమ్మమీద చేసినా లెక్కలోకి వస్తుంది. మీకు ఈ అంకెలు చిన్నవిగా కనిపించవచ్చు. గాంధీలోనో ఉస్మానియాలోనో హౌస్ సర్జన్సీ చేసినవాళ్ళు కాన్పులు పది ఎప్పుడో దాటేసి ఉంటారు. చేయి తిరగడం మాత్రమే చూస్తే మనవాళ్ళు వెనకబడరు. వెనకబడేది డాక్యుమెంటేషన్‌లోనూ, రోగిని ఇంటికి పంపే నిర్ణయం బాధ్యతగా తీసుకోవడంలోనూ. ఛాతీనొప్పితో వచ్చిన మనిషిని ఏ లెక్కతో ఇంటికి పంపావు, ఎందుకు పంపావు అన్నది అక్షరం అక్షరం రాసిపెట్టాలి.

రెసిడెన్సీలో ఉండగా ఏటా ఫిబ్రవరి చివర్లో ఇన్-ట్రెయినింగ్ పరీక్ష ఉంటుంది. దాన్ని పాస్, ఫెయిల్ అనరు కానీ చివరి ఏడాది స్కోరును బట్టి అసలు పరీక్షలో ఎలా చేస్తారో దాదాపు చెప్పేయవచ్చు. అందుకే మొదటి ఏడాది స్కోరు చూసి బెంగపడక్కర్లేదు, ఆఖరి ఏడాది స్కోరు తక్కువొస్తే మాత్రం పట్టించుకోండి.

ఇప్పుడు బోర్డు. ఇందులో రెండు అంచెలు. మొదటిది క్వాలిఫయింగ్ ఎగ్జామ్. రెసిడెన్సీ ముగిశాక రాస్తారు. కంప్యూటర్ సెంటర్‌లో రోజంతా జరిగే పరీక్ష, 300 పైచిలుకు బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఇక్కడ పక్కవాడితో పోటీ లేదు, ముందే నిర్ణయించిన గీత దాటితే చాలు. అందరూ దాటితే అందరూ పాస్. నీట్ పీజీ ర్యాంకుల భయంతో పెరిగిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. మొదటిసారి రాసేవాళ్ళలో అత్యధికులు పాసవుతారు. సిలబస్ రహస్యమేమీ కాదు. ఎమర్జెన్సీ మెడిసిన్ క్లినికల్ ప్రాక్టీస్ మోడల్ అని ఒక పత్రం ఉంటుంది, ఏ విభాగం నుంచి ఎంత శాతం ప్రశ్నలో అందులోనే ఉంటుంది. గుండె, ట్రామా, ఊపిరితిత్తులు, పొట్ట, ఇవే పెద్ద భాగాలు.

రెండో అంచె మారిపోయింది, కాబట్టి పాతవాళ్ళ సలహాలు జాగ్రత్తగా వినండి, నాదీ కలిపి. మా కాలంలో ఓరల్ బోర్డు అంటే షికాగో ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్. ఒక్కో గదిలో ఒక్కో ఎగ్జామినర్. సూటు వేసుకుని తలుపు ముందు నిలబడి, సమయం కాగానే లోపలికెళ్ళాలి. ఎగ్జామినరే రోగి, ఆయనే నర్సు, ఆయనే రోగి భార్య. "యాభై ఏళ్ళ మనిషి కడుపునొప్పితో వచ్చాడు" అంటాడు, అంతే. మిగతాదంతా మీరు అడిగి రాబట్టాలి. అడగనిదేదీ చెప్పడు. అలర్జీలు అడగకపోతే రోగికి అలర్జీ ఉన్నట్టు మందిచ్చాకే తెలుస్తుంది. కోవిడ్ వచ్చాక దీన్ని ఆన్‌లైన్‌కి మార్చారు. 2026 నుంచి ఓరల్ పోయి సర్టిఫయింగ్ ఎగ్జామ్ వచ్చింది. నార్త్ కరోలినాలోని రాలీకి స్వయంగా వెళ్ళి రాయాలి. పాతపద్ధతి కేసు చర్చలు కొన్ని ఉంటాయి. వాటితోపాటు నటులను రోగులుగా కూర్చోబెట్టి మీరు మాట్లాడే తీరు చూస్తారు. కోపంగా ఉన్న కుటుంబసభ్యుణ్ణో, గొడవపడే తోటి డాక్టర్నో సముదాయించడం, చెడువార్త చెప్పడం, అల్ట్రాసౌండ్, ప్రొసీజర్లు, ఒకేసారి అయిదారుగురు రోగులుంటే ఎవర్ని ముందు చూడాలన్న నిర్ణయం, అన్నీ వస్తాయి.

ఇది మంచి మార్పని నా ఉద్దేశం. షిఫ్టులో నా సమయం ఎక్కువగా పోయేది వీటికే. క్రికెట్ బంతంత గడ్డ సీటీ స్కాన్‌లో కనబడితే, వెన్నునొప్పికి వచ్చిన మనిషికి ఆ సంగతి ఎలా చెప్పాలో ఏ బహుళైచ్ఛిక ప్రశ్నా అడగదు.

మనవాళ్ళకు ఈ భాగంలో రెండుచోట్ల తడబాటు వస్తుంది. ఒకటి, మనం మనసులో ఆలోచించుకుని చివర్లో జవాబు చెప్తాం. క్లాసులో అలా నేర్పారు. ఇక్కడ పైకి చెప్పని ఆలోచనకు మార్కులేదు. "ఇది అయోర్టా చీలికేమోనని నా అనుమానం, అందుకే రక్తం పలచబరిచే మందు ఇవ్వడం లేదు, రెండు చేతుల్లో బీపీ చూస్తున్నాను" అని నోటితో అనాలి. రెండోది, చెడువార్త. మన ఊళ్ళో అయితే రోగిని మంచం మీద వదిలి, పెద్దకొడుకును వరండాలోకి పిలిచి చెప్తాం. రోగికి తెలియకుండా ఉంచమని వాళ్ళే బతిమాలతారు. ఇక్కడ రోగికి స్పృహ ఉంటే ముందు రోగికే చెప్పాలి, ఎవరు దగ్గరుండాలో కూడా రోగే చెప్పాలి. పరీక్ష గదిలో అలవాటుకొద్దీ కొడుకు వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెడితే అక్కడే మార్కులు పోతాయి. స్నేహితులతో కూర్చుని గట్టిగా మాట్లాడి సాధన చేయడం తప్ప దీనికి వేరే మందు లేదు. పుస్తకం చదివితే రాదు.

రెసిడెన్సీ అయిన రోజు నుంచి ఈ రెండూ పాసయ్యేదాకా మిమ్మల్ని 'బోర్డ్ ఎలిజిబుల్' అంటారు. ఆ హోదాతో ఉద్యోగాలు ఇస్తారు, జీతం కూడా పూర్తిగానే వస్తుంది. కాకపోతే ఆ హోదాకు గడువుంది. ఏబెమ్ లెక్కలో అయిదేళ్ళు. "తర్వాత రాద్దాంలే" అని పిల్లలు, ఇల్లు, గ్రీన్‌కార్డు గొడవల్లో పడి ఆలస్యం చేసినవాళ్ళను చూశాను. చదువు వేడి మీదుండగానే కానిచ్చేయండి.

ఇక మీ రెండో ప్రశ్న. జీవితాంతం చెల్లే సర్టిఫికెట్ ఏబెమ్ ఎప్పుడూ ఇవ్వలేదు. ఇంటర్నల్ మెడిసిన్‌లో పాతతరం వాళ్ళకు శాశ్వత సర్టిఫికెట్లున్నాయి, వాళ్ళను చూసి మేం కుళ్ళుకుంటుంటాం. మాకు 1980 నుంచీ గడువుతోనే. అప్పట్లో పదేళ్ళకోసారి పెద్ద పరీక్ష ఉండేది, కాన్‌సర్ట్ అనేవాళ్ళం. సెంటర్‌కి వెళ్ళి, పుస్తకం లేకుండా, మొదటిసారి చదివినంతా మళ్ళీ చదివి రాయాలి. దానితోపాటు 2004 నుంచి ఏటా ఎంపికచేసిన కొన్ని వ్యాసాలు చదివి రాసే చిన్న పరీక్షలు. పదిహేనేళ్ళు రాత్రి షిఫ్టులు చేసిన డాక్టరును పట్టుకుని, మళ్ళీ అరుదైన రోగాల పట్టికలు బట్టీపట్టమంటే ఎవరికి మండదు? ఆ పద్ధతి 2022తో పోయింది.

ఇప్పుడున్నది మైఈఎమ్‌సర్ట్. సర్టిఫికేషన్ అయిదేళ్ళది. ఆ అయిదేళ్ళలో నాలుగు మాడ్యూళ్ళు (ఒక్కో అంశం మీద ఒక్కో చిన్న పరీక్ష) పాసవ్వాలి. మొత్తం ఎనిమిది అంశాలుంటాయి: పొట్ట-కటి భాగం, షాక్ మరియు అసాధారణ వైటల్స్ (బీపీ, నాడి లాంటివి), తల-మెడ, గాయం వల్ల కాని ఎముక-కండరాల సమస్యలు, న్యూరాలజీ, మానసిక-సామాజిక ఆరోగ్యం, ఛాతీ-ఊపిరితిత్తులు, ట్రామా-రక్తస్రావం. ఒక అయిదేళ్ళలో నాలుగు, తర్వాతి అయిదేళ్ళలో మిగతా నాలుగు అనుకోవచ్చు. ఒక్కో మాడ్యూల్‌లో దాదాపు 50 ప్రశ్నలు, నాలుగు గంటల సమయం. ఇంట్లో సోఫాలో కూర్చుని రాయవచ్చు. పుస్తకాలు, వెబ్‌సైట్లు ఏవైనా తెరుచుకోవచ్చు, ఇంకో మనిషిని అడగడం మాత్రం నిషేధం. ఫలితం వెంటనే వస్తుంది. ఫెయిలైతే మళ్ళీ రాయవచ్చు. అయిదేళ్ళకోసారి పరీక్ష అని మీరు విన్నది సగం నిజమన్నమాట. ఉన్నది ఆ పాత తరహా పరీక్ష కాదు.

పుస్తకం చూసి రాసేదానికి విలువేముందని అడుగుతారు కొందరు సీనియర్లు. షిఫ్టులో మాత్రం మనం చూడకుండా చేస్తున్నామా? పిల్లవాడి మందు మోతాదు ఫోన్‌లో చూసుకోకుండా రాసే డాక్టరంటేనే నాకు భయం. ఈ మాడ్యూళ్ళలో నాకు నచ్చింది 'కీ అడ్వాన్సెస్' అనే భాగం. గత కొన్నేళ్ళలో ఆ అంశంలో నిజంగా చికిత్స మారిన విషయాలను చిన్నచిన్న సారాంశాలుగా ముందే ఇస్తారు, ప్రశ్నల్లో కొన్ని వాటిమీదే. నాకైతే ఇది బాగా పనికొచ్చింది.

మాడ్యూళ్ళతోపాటు అయిదేళ్ళలో ఒకసారి 'ఇంప్రూవ్‌మెంట్ ఇన్ మెడికల్ ప్రాక్టీస్' అని ఒక పని చూపించాలి. పేరు చూసి బెదరొద్దు. మీ విభాగంలో ఎలాగూ ఏదో ఒకటి కొలుస్తూనే ఉంటారు: పక్షవాతం రోగికి రక్తపు గడ్డ కరిగించే మందు ఎన్ని నిమిషాల్లో ఇస్తున్నారు, సెప్సిస్‌లో (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికొచ్చినప్పుడు) యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడుతోంది, రోగి డాక్టరును చూసేసరికి ఎంతసేపవుతోంది. మీ లెక్క చూసుకుని, ప్రమాణంతో పోల్చి, ఏదైనా మార్చి, మళ్ళీ కొలిస్తే ఆ పని అయిపోయినట్టే. చాలామంది ఆసుపత్రిలో జరుగుతున్నదాన్నే చూపిస్తారు. ఇవి కాక ఏటా ఫీజు. ఏ ఆంక్షలూ లేని రాష్ట్ర లైసెన్సు కూడా నిరంతరం ఉండాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక రాష్ట్రంలో లైసెన్సు మీద శిక్షపడితే బోర్డు సర్టిఫికెట్‌కూ ముప్పు వస్తుంది.

అన్నీ ఆఖరి ఏడాదికి వాయిదా వేయకండి. గడువు దాటితే సర్టిఫికేషన్ లాప్స్ అవుతుంది. ఎవరైనా ఏబెమ్ సైట్‌లో మీ పేరు కొట్టి చూసుకోవచ్చు, ఆసుపత్రుల్లో డాక్టర్ల అర్హతలు సరిచూసే క్రెడెన్షియలింగ్ వాళ్ళు చూస్తూనే ఉంటారు. ఏడాదికొక మాడ్యూల్ పెట్టుకుంటే చివరి సంవత్సరం చేతిలో మిగులుతుంది.

లైసెన్సు వేరు, బోర్డు వేరు. ఇది చాలామంది కలిపేసుకుంటారు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, అది లేకుండా వైద్యం చేస్తే నేరం. బోర్డు సర్టిఫికెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. గ్రామీణ ప్రాంతాల్లో ఫ్యామిలీ మెడిసిన్ డాక్టర్లే ఎమర్జెన్సీలు నడుపుతున్న ఆసుపత్రులు బోలెడున్నాయి. కానీ నగరాల్లో, ట్రామా సెంటర్లలో, టీచింగ్ ఆసుపత్రుల్లో ఏబెమ్ లేదా ఏఓబీఈఎమ్ లేకుండా ఉద్యోగం దొరకడం దాదాపు అసాధ్యం. ఈమధ్య టెన్నెసీ లాంటి కొన్ని రాష్ట్రాలు విదేశీ డాక్టర్లకు మళ్ళీ రెసిడెన్సీ చేయకుండానే తాత్కాలిక లైసెన్సు ఇచ్చే చట్టాలు చేశాయి. వాట్సాప్‌లో ఆ వార్త "ఇక రెసిడెన్సీ అక్కర్లేదు" అని తిరుగుతోంది. ఆ దారిన లైసెన్సు వచ్చినా ఏబెమ్ పరీక్షకు అర్హత రాదు.

మీ విషయానికొస్తే, నేనైతే ఇలా ఆలోచిస్తాను. రెండు స్టెప్‌లూ రాసి, స్లో దొరికే రొటేషన్ కోసం ఒక ఏడాది గట్టిగా ప్రయత్నించండి. దొరికితే ఎమర్జెన్సీ మెడిసిన్‌కే దరఖాస్తు చేయండి, మీ ఎమ్‌ఈఎమ్ అనుభవం ఇంటర్వ్యూలో మీకు బలమే అవుతుంది. దొరకకపోతే, పిల్లల వైద్యం ఇష్టమైతే పీడియాట్రిక్స్ రెసిడెన్సీ చేసి, ఆ తర్వాత పీడియాట్రిక్ ఎమర్జెన్సీ మెడిసిన్ ఫెలోషిప్ (రెసిడెన్సీ పైన చేసే అదనపు శిక్షణ) చేయవచ్చు. అది పీడియాట్రిక్స్ బోర్డు ద్వారా వచ్చే అసలైన సబ్‌స్పెషాలిటీ సర్టిఫికెట్. రిససిటేషన్ అంటేనే ఇష్టమైతే ఇంటర్నల్ మెడిసిన్, ఆపై క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం). ఈ రెండు చోట్లా విదేశీ గ్రాడ్యుయేట్లకు సీట్లు ఎమర్జెన్సీ కంటే తేలిగ్గా దొరుకుతాయి. ఫ్యామిలీ మెడిసిన్ తర్వాత ఏడాది ఎమర్జెన్సీ ఫెలోషిప్ చేసే మార్గం కూడా ఉంది, చిన్న ఊళ్ళలో పని దొరుకుతుంది, కానీ దానితో ఏబెమ్ రాదని తెలిసి చేరండి. స్టెప్ 1 ఇంకా రాయకపోతే అదెప్పుడు రాస్తున్నారో, మీ వీసా ఏమిటో, ఎంబీబీఎస్ ఏ సంవత్సరంలో అయిందో కింద రాయండి. డిగ్రీ అయి అయిదేళ్ళు దాటినవాళ్ళ దరఖాస్తులను చూడని ప్రోగ్రాములు చాలా ఉన్నాయి కాబట్టి ఆ సంవత్సరం తెలిస్తే ఎక్కడెక్కడ పెట్టుకోవాలో ఇంకాస్త నికరంగా చెప్పగలను.